కల్వకుర్తి నుంచి మల్లన్న దాకా కాలినడక

శివరాత్రికి శ్రీశైలం నడిచి పోయేవాళ్ళు ఒకే దారిన రారు. కర్నూలు మీదుగా వచ్చేవాళ్ళు ఆత్మకూరు దాటి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను వెంట పాత అడవి బాట పడతారు. ఉగాదికి వచ్చే కన్నడ భక్తులు కూడా చాలామంది ఆ వైపు నుంచే వస్తారు. పాలమూరు, నల్లగొండ పల్లెలది ఉత్తరపు దారి. కల్వకుర్తి, డిండి, ఉమామహేశ్వరం, మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట, ఆ తర్వాత కృష్ణ దాటి మల్లన్న. దాదాపు 140 కిలోమీటర్లు. అందులో సగం నల్లమల. కొందరు ఐదు రోజుల్లో ముగిస్తారు. మోకాళ్ళు, పాదాలు చెడకుండా, పక్కవాడితో నాలుగు మాటలు మాట్లాడుతూ పోవాలంటే ఏడు రోజులు పెట్టుకోవాలి.

రోజులు వెనక నుంచి లెక్కగట్టాలి. సరిగ్గా శివరాత్రి నాడు చేరేలా బయల్దేరితే నడక అలసట మీదే క్యూలో గంటల తరబడి నిలబడాలి. పండుగకు రెండు రోజుల ముందు చేరడం మేలు. ఎండ సంగతి కూడా తిథిని బట్టే ఉంటుంది. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న పడింది, 2027లో మార్చి 6న. ఈ పంతొమ్మిది రోజుల తేడాకే పొద్దున పదిన్నర తర్వాత తారు మీద కాలు పెట్టలేని పరిస్థితి వస్తుంది. పండుగ ఆలస్యంగా వచ్చిన ఏడు రెండు పూటల నడకకు మధ్య విరామం ఒక గంట పెంచుకోవాలి.

సామాను గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏడు రోజులకు సరిపడా తిండి, నీళ్ళు, మందులు అన్నీ వీపున కట్టుకుని, ఎవరితో పనిలేకుండా పోదామనుకునేవాళ్ళు ఉంటారు. బరువు సంగతి అటుంచితే, అలా పోయేవాళ్ళకు ఈ దారిలో ఉన్న అసలు భాగ్యం దక్కదు. ఊరూరా షామియానా వేసి, మజ్జిగ బిందె పెట్టుకుని, పొద్దుటి నుంచి నిలబడి ఉన్న మనుషుల ముందు నుంచి తలవంచుకుని పోవాల్సి వస్తుంది. సంచి ఐదు కిలోలు దాటకూడదు. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, పలచటి చాప, లీటరు సీసాలు రెండు, స్టీలు గ్లాసు, పళ్ళెం, టార్చి, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నూలు గుడ్డ పట్టీలు, సూది, అయోడిన్ మందు, కొబ్బరినూనె సీసా. తిండికి అరకిలో అటుకులు, కొంచెం బెల్లం, పల్లీలు చాలు. జొన్నరొట్టెలు బాగా కాల్చి ఎండనిస్తే చాలా రోజులు నిలుస్తాయి. మెత్తగా చేస్తే రెండో పూటకే బూజు వాసన వస్తుంది.

పన్నెండు, పదిహేను మంది గుంపు నడవడానికి తగిన లెక్క. ముందు దారి తెలిసిన గురుస్వామి ఉంటారు. ఆయన కంటే ముఖ్యమైన మనిషి అందరి వెనక నడిచేవాడు. కట్టుగుడ్డలు, ఓఆర్ఎస్ ఆయన దగ్గరే ఉండాలి, ఎందుకంటే కాలు ఈడ్చేవాళ్ళు వెనకే ఉంటారు కాని ముందు ఉండరు.

మొదటి రోజు: కల్వకుర్తి నుంచి వంగూరు గేటు, దాదాపు 20 కిలోమీటర్లు

తెల్లారుజామున నాలుగున్నరకు కదలాలి. కొట్ర చౌరస్తా దాకా కోదాడ పోయే రోడ్డు, అక్కడ కుడికి తిరిగితే హైదరాబాద్–శ్రీశైలం హైవే. చీకట్లో కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా, ఒకరి వెనక ఒకరుగా నడవాలి. ఎడమ పక్కన నడిస్తే వెనక నుంచి వచ్చే లారీ కనిపించదు. వీపు సంచికి వెలుగు పడితే మెరిసే టేపు అతికించుకోవడానికి పది రూపాయలు ఖర్చవుతుందేమో, అది లేకుండా చీకట్లో రోడ్డెక్కవద్దు.

మొదటి రోజు చేసే తప్పు ఒక్కటే, వేగం. కాళ్ళు తాజాగా ఉంటాయి, భజన ఊపు మీద ఉంటుంది, గంటకు ఆరు కిలోమీటర్లు నడిచేస్తారు. దాని ఫలితం మూడో రోజు పిక్కల్లో తెలుస్తుంది. గంటకు నాలుగు కిలోమీటర్లు మించవద్దు. యాభై నిమిషాలు నడక, పది నిమిషాలు విశ్రాంతి. ఆ పది నిమిషాల్లో చెప్పులో బూట్లో విప్పి, పాదాలకు గాలి తగిలేలా కాళ్ళు కొంచెం ఎత్తున పెట్టుకోవాలి.

పది గంటలకల్లా ఏదైనా ఊరి దగ్గర నీడ చూసుకుని ఆగాలి. సాయంత్రం నాలుగు తర్వాత మిగిలింది నడవాలి.

రెండో రోజు: డిండి

ఇది చిన్న నడక, పదిహేను కిలోమీటర్ల లోపే. చిన్నదిగా ఉండటమే మంచిది, ఎందుకంటే రెండో రోజు ఒళ్ళు నొప్పులు పూర్తిగా బయటపడతాయి. డిండి వాగు మీది జలాశయం దగ్గర గాలి చల్లగా తగులుతుంది. దేవరకొండ వైపు నుంచి వచ్చే నల్లగొండ గుంపులు ఇక్కడే హైవే ఎక్కుతాయి. కొత్త గుంపు కలవగానే పలకరింపు ఒకటే: "ఏ ఊరు స్వామీ?" మాల వేసుకున్నవాళ్ళలో మగవాళ్ళు స్వామి, ఆడవాళ్ళు మాత. ఇంటి పేరు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. మూడు రోజులు పక్కపక్కనే నడిచాక కూడా అసలు పేరు తెలియని స్నేహాలు ఈ దారిలో మామూలు.

రోడ్డు పక్క పల్లెల వాళ్ళు, తండాల వాళ్ళు పెట్టే అన్నదానం దగ్గర కొన్ని పద్ధతులు ఉన్నాయి. ఎవరూ బోర్డు రాసి పెట్టరు, చూసి నేర్చుకోవాలి. పిలిస్తే ఆగాలి. ఆకలి లేకపోతే ఒక గ్లాసు మజ్జిగైనా తాగాలి, ఎందుకంటే ఆ బిందె వెనక ఒక ఇంటి మొక్కు ఉంటుంది. ఇస్తారిలో తినగలిగినంతే పెట్టించుకోవాలి. తిన్నాక ఆకు తీసి, తర్వాతి వరుసకు రెండు గరిటెలు వడ్డించి కదలాలి. కొన్నిచోట్ల పెద్దవాళ్ళు కూడా చిన్నవాళ్ళ పాదాలు కడగడానికి వస్తారు. సిగ్గుపడి కాళ్ళు వెనక్కి లాక్కోవద్దు. వాళ్ళు కడిగేది మన కాళ్ళు కాదు, కొండ మీదికి పోతున్న కాళ్ళు. చెయ్యడం అందరికీ వచ్చు. చేయించుకోవడానికి ఒదిగి ఉండాలి, ఈ దారిలో మనిషి మెత్తబడేది అక్కడే.

మూడో రోజు: హాజీపూర్, రంగాపూర్, ఉమామహేశ్వరం

హాజీపూర్ దగ్గర అచ్చంపేట రోడ్డు కలుస్తుంది. మందులు, చెప్పులు, బ్యాటరీలు ఏవైనా కొనాల్సి ఉంటే అచ్చంపేటే ఆఖరి పెద్ద ఊరు. గుంపులో ఒకరు ఆటోలో పోయి అందరికీ తెచ్చేస్తే సరిపోతుంది. రంగాపూర్ దగ్గర హైవే వదిలి నాలుగైదు కిలోమీటర్లు కొండ వైపు పోతే ఉమామహేశ్వరం. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలు. ఉత్తరం నుంచి నడిచేవాళ్ళు ద్వారం దగ్గర దండం పెట్టకుండా లోపలికి పోవడం పద్ధతి కాదు. రెండు గంటలు మిగులుతాయని ఈ మలుపు వదిలేసే గుంపులు ఉన్నాయి. వదిలేయవద్దు.

గుడి కొండచరియ కిందే ఉంటుంది. తల మీద పెద్ద బండ, కింద స్వామి, బండ సందుల నుంచి చుక్కచుక్కగా జారే నీళ్ళు. ఎండలో మూడు రోజులు నడిచి వచ్చిన ఒంటికి ఆ రాతి చల్లదనం తగిలితే చాలాసేపు ఎవరూ మాట్లాడరు. రాత్రి ఇక్కడే గడపాలంటే ముందే గుడివాళ్ళను అడిగి ఉండాలి. లేదంటే పొద్దుండగానే దిగి రంగాపూర్‌లో చోటు చూసుకోవాలి.

నాలుగో రోజు: మన్ననూరు

దూరం తక్కువే కాని ఎక్కుడు ఉంటుంది. ఘాటు ఎక్కుతుంటే గాలి మారుతుంది, చేలు పోయి చెట్లు వస్తాయి. ఆకు రాల్చిన టేకు మధ్య మోదుగలు నిప్పు రంగులో పూసి ఉంటాయి. శివుడికి మోదుగ పువ్వు ఇష్టమని రాలినవి ఏరి ఇరుముడిలో పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. చెట్టు నుంచి కొమ్మలు విరవడం మాత్రం తప్పు, ఇది అడవి.

ఇక్కడ సగం రోజు పూర్తిగా ఆగాలి. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య బండ్లు తిరగనివ్వరు. నడిచేవాళ్ళు కూడా ఇంతకుముందులా తెల్లారుజామున నాలుగున్నరకు కదలకూడదు. వెలుతురు వచ్చాకే అడుగు, చీకటి పడకముందే విడిది. ఆ ఏడు ఎక్కడెక్కడ ఆగనిస్తున్నారో, అన్నదానాలు ఎక్కడున్నాయో చెక్‌పోస్టు దగ్గరే అడిగి తెలుసుకోవాలి. సామాను మోసే డీసీఎం (చిన్న లారీ) ఉంటే అది అడవిలో గుంపు వెంట మెల్లగా రాకూడదు, నేరుగా వటవర్లపల్లి పోయి ఆగాలి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. కాబట్టి ఎవరు ఎక్కడ కలవాలో నోటిమాటతో ఇక్కడే ఖాయం చేసుకోవాలి.

బీడీ, అగరుబత్తి, కర్పూరం, రోడ్డు పక్క పొయ్యి, ఈ నాలుగూ అడవిలో వద్దు. మాఘమాసానికి గడ్డి గలగలలాడేలా ఎండిపోయి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కోతులకు తిండి వేయడం పుణ్యమనుకుంటారు. దానివల్ల అవి రోడ్డు మీదే కాచుకుని కూర్చుని బండ్ల కింద పడతాయి, ఆ తర్వాత వచ్చే నడకరుల సంచులు లాగుతాయి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు ఎంత తీసుకుపోతే అంతా వెనక్కి తేవాలి.

ఐదో రోజు: వటవర్లపల్లి దాకా, దాదాపు 30 కిలోమీటర్లు

మొత్తం నడకలో ఇదే బరువైన రోజు. నీళ్ళు దొరికే చోట్లు దూరదూరంగా ఉంటాయి, కాబట్టి మన్ననూరులో రెండు సీసాలూ నింపుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఒక లీటరు నీళ్ళకు మొత్తం కలపాలి. సగం ప్యాకెట్టు ఒక గ్లాసులో కలిపి తాగితే మేలుకు బదులు కీడు జరుగుతుంది, ఉప్పు ఎక్కువై దాహం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాకు గీత పెట్టినట్టు సమంగా. తలనొప్పి, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడలో పడుకోబెట్టి, మెడకు, చంకలకు తడిగుడ్డ పెట్టి, వచ్చిన మొదటి బండిని ఆపి దవాఖానకు పంపాలి. మొక్కు మధ్యలో ఆగిందని ఏడిస్తే, మల్లన్న బండిలో వచ్చినవాళ్ళనూ చూస్తాడని చెప్పి ఎక్కించాలి.

ఫరహాబాద్ గేటు దాటాక రోడ్డు వంపులు తిరుగుతుంది. ఎండ ముదరకముందే పదిహేను కిలోమీటర్లు పూర్తి కావాలి. మిగతాది మూడున్నర నుంచి. ఈ ఫరహాబాద్ వైపు నుంచే చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు లోపలికి పోతారు, "వస్తున్నాం లింగమయ్యా" అని కేకలు వేసుకుంటూ. అక్కడ పూజ చేసేది చెంచులే. మల్లన్న కూడా వాళ్ళకు చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. రోడ్డు పక్క తేనె పెట్టుకుని కూర్చున్న చెంచు అవ్వతో బేరమాడేముందు ఈ ముక్క గుర్తుంటే మంచిది. మనం వాళ్ళ ఊరి మీదుగా వాళ్ళ అల్లుడి ఇంటికి పోతున్నాం.

సాయంత్రం వటవర్లపల్లి విడిదిలో ప్రతి గుంపులోనూ జరిగే పని పాదాల పని. టార్చి వెలుగులో ఒకరి కాలు ఇంకొకరి ఒళ్ళో ఉంటుంది. పొక్కు చిన్నదై, నొప్పి లేకపోతే ముట్టుకోకూడదు, పైన పట్టీ వేస్తే చాలు. ఉబ్బి, అడుగు వేయనివ్వకపోతే ముందు చేతులు, పాదం సబ్బుతో కడగాలి. సూదిని మంటలో ఎర్రగా కాల్చి చల్లారనిచ్చి, మసి తుడిచి, పొక్కు అంచున, పాదానికి దగ్గరగా, రెండు చోట్ల పొడవాలి. గుడ్డతో మెల్లగా అదిమితే నీరు కారిపోతుంది. పై చర్మం ఊడదీయకూడదు, కింద ఉన్న పచ్చిపుండుకు అదే కట్టు. తర్వాత అయోడిన్, పైన పొడి పట్టీ. పొక్కులో దారం దూర్చి వదిలేయడం పాత అలవాటు. ఆ దారం వెంటే దుమ్ము, చెమట లోపలికి పోయి చీము పడుతుంది, అది మానుకోవాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ పొక్కు ఎంత చిన్నదైనా సూదితో ముట్టకూడదు, వాళ్ళను డాక్టరుకే చూపించాలి.

అసలు పొక్కు పుట్టేది తడి వల్ల, రాపిడి వల్ల. పొద్దున మడమలకు, వేళ్ళ సందులకు కొబ్బరినూనె పలచగా రాసి, కాలికి సరిగ్గా పట్టే పొడి సాక్సులు వేసుకుని, మధ్యాహ్నం వాటిని మారిస్తే చాలావరకు రాదు. ఉట్టికాళ్ళ మొక్కు ఉన్నవాళ్ళకు పొక్కులకంటే తారు వేడి, గాజుపెంకులు, పల్లేరుకాయలు శత్రువులు. వాళ్ళు మట్టి అంచున కాకుండా తెల్లగీత మీద నడవాలి. తెలుపు తక్కువ కాలుతుంది, ముల్లు ఉంటే కనిపిస్తుంది.

ఆ టార్చి వెలుగులో, తన తండ్రి వయసున్న మనిషి కాలికి పట్టీ కడుతున్న కుర్రవాడిని చూస్తే, వారం కిందట వీళ్ళిద్దరికీ ముఖపరిచయం లేదని నమ్మబుద్ధి కాదు. "మెల్లగ గట్టు బిడ్డా, గుంజకు" అంటాడు పెద్దాయన. "అయిపోయింది తాతా, ఇగ రేపు నువ్వే ముంగట" అంటాడు వాడు. మరుసటి రోజు గుంపు నడక ఆ తాత కాలి వేగాన్ని బట్టే ఉండాలి. వేగంగా పోగలిగినవాళ్ళు ముందు పోయి దోమలపెంటలో కాచుకుంటామంటారు, ఒప్పుకోవద్దు. ఐదు రోజులు నామం చెప్పి ఆరో రోజు వెనకవాడిని వదిలేస్తే ఆ నామానికి అర్థం లేదు.

ఆరో రోజు: దోమలపెంట

వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం బోర్డు చూసి మనసు లాగుతుంది. పోయి రావడానికి దాదాపు పదహారు కిలోమీటర్లు, ఆపైన మెట్లు. ఈ నెలల్లో నీటిధార కూడా సన్నగానే ఉంటుంది. ఇంకోసారి బండి మీద రావచ్చు. ఈ రోజు నడక పాతిక కిలోమీటర్లు, నిన్నటికంటే తేలిక.

దోమలపెంట దగ్గరే శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. ఆ ఏడు శివరాత్రి ఇంకా నాలుగు రోజులే ఉంది. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పనికి వచ్చిన మనుషులు వాళ్ళు. ఈ దారిన నడిచే గుంపు ఇక్కడ ఒక్క నిమిషం భజన ఆపి, వాళ్ళ కోసం దండం పెట్టి కదలడం న్యాయం.

ఏడో రోజు: ఈగలపెంట, కృష్ణ, కొండ

ఈగలపెంట దాటాక దిగుడు మొదలవుతుంది. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళను చంపుతుంది. అడుగులు చిన్నవిగా వేయాలి, మోకాలు కొంచెం వంచి ఉంచాలి, చేతిలో కర్ర ఉంటే కొంత బరువు అది మోస్తుంది. బూట్లు వేసుకున్నవాళ్ళు చీలమండ దగ్గర లేసులు బిగించుకోవాలి. లేకపోతే వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. గోళ్ళు ఇంటి దగ్గరే తీసుకుని రావాలి. ఆ రోజు పొద్దున తీస్తే మూలలు పచ్చిగా ఉండి సలుపుతాయి. మలుపుల దగ్గర రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు అడ్డంగా నడవడం సుఖంగా అనిపిస్తుంది. కాని బస్సులు తిరిగేదీ అక్కడే, అలా నడవవద్దు.

మలుపు తిరగ్గానే కింద కృష్ణ, పక్కన ఆనకట్ట కనిపిస్తాయి. ఈ నల్లమలకే పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి నడిచి వచ్చింది, మల్లికార్జునుడిని వెతుక్కుంటూ. వంతెన దాటితే లింగాలగట్టు, అక్కడి నుంచి సుండిపెంట దాకా మళ్ళీ ఎక్కుడు. ఇక్కడ చాలామంది తొందరపడతారు. గుడి దగ్గరికొచ్చిందనే ఆత్రంతో నీళ్ళు తాగడం మరుస్తారు, కళ్ళు తిరిగి పడేది ఈ ఆఖరి పదిహేను కిలోమీటర్లలోనే. సుండిపెంటలో గంటసేపు తప్పనిసరిగా కూర్చుని ఏదైనా తిని కదలాలి.

ఊరికి మూడు కిలోమీటర్ల ముందు సాక్షి గణపతి. ఆయన చేతిలో గంటం, పుస్తకం ఉంటాయి. ఎవరెవరు వచ్చారో రాసుకుని శివుడికి సాక్ష్యం చెబుతాడని నమ్మకం. గుంపులో అందరూ చేరేదాకా ఇక్కడే ఆగి, కలిసి లోపలికి పోవాలి.

దారి దుమ్ముతోనే స్వామిని చూడటాన్ని ధూళి దర్శనం అంటారు. కాని పండుగ రోజుల్లో ఎవరికి ఏ దర్శనం, ఏ క్యూ, స్పర్శ దర్శనం ఉందా లేదా అన్నవి మారుతుంటాయి. గుంపులో ఒకరు ముందు పోయి దేవస్థానం విచారణ కేంద్రంలో అడగాలి. క్యూలో గుంపు చెదిరిపోతుంది, అది ఖాయం. బయట కలుసుకునే చోటు, గంట ముందే చెప్పుకోవాలి. పాతాళగంగ స్నానానికి వందల మెట్లు దిగి ఎక్కాలి. పచ్చి పొక్కులున్నవాళ్ళు తలమీద నీళ్ళు చల్లుకుంటే చాలు, లేదా రోప్‌వేలో పోవచ్చు.

శివరాత్రి రాత్రి పాగాలంకరణ చూసి గాని కదలవద్దు. చీరాల వైపు నేతకారుడు రోజుకు మూరెడు చొప్పున ఏడాదంతా నేసిన పాగా అది. లింగోద్భవ వేళ దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చీకట్లో నేతకారుడు దిగంబరంగా గర్భాలయ శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా ఆ పాగాను చుడతాడు. కింద వేలమంది, ఎవరి ముఖం ఎవరికీ కనిపించదు. పక్కవాడి భుజం మాత్రం తగులుతూ ఉంటుంది, "చేదుకో మల్లన్నా" అన్న కేక ఏ గొంతు నుంచి లేచిందో తెలియదు.

తిరుగు ప్రయాణం బస్సులోనే. కాళ్ళు వాచి ఉంటాయి, వేలాడేసి కూర్చుంటే ఇంకా వాస్తాయి, కాబట్టి సంచి కింద పెట్టి దాని మీద పాదాలు ఆనించుకోవాలి. సొంత డీసీఎంలో వచ్చేవాళ్ళు రాత్రి తొమ్మిదికి ముందే అడవి దాటేలా మధ్యాహ్నమే బయల్దేరాలి, ఆలస్యమైతే దోమలపెంట చెక్‌పోస్టు దగ్గర తెల్లారేదాకా ఉండిపోవాలి. దారిలో మజ్జిగ పోసిన షామియానాలు ఇంకా తీసి ఉండవు. డిండి దగ్గర, వంగూరు గేటు దగ్గర బండి ఆపి, ప్రసాదం అక్కడివాళ్ళ చేతిలో పెట్టి, అప్పుడు ఇంటికి పోవాలి.